ఎనిమిది మందీ ఆయనేనటండీ, పిన్నిగారూ!

"అమ్మాయ్, ఆ గెడ్డం తాత ఎవరే?" అన్నారు పక్కింటి పిన్నిగారు, గోడ మీద మోచేతులు ఆనించి.

మామూలుగా ఆవిడ కబుర్లు పనిమనిషి నాగాలతోనో కొళాయి నీళ్ళతోనో మొదలవుతాయి. ఈసారి మాగాయ ముక్కలు ఎండలో పరిచి, ఉడతలకి కాపలా కూర్చుని మరీ తాతగారి గురించి అడిగితే నాకు అర్థం కాలేదు.

"ఏ తాతండీ?"

"అదేనమ్మా, మా మనవడు సెలవలకి వచ్చిన దగ్గర్నుంచీ అదే సినిమా పెడుతున్నాడు. స్టార్ వార్స్ అట. అందులో సన్యాసిలా ముసుగు అంగీ వేసుకుని, చేత్తో ట్యూబులైటు పట్టుకుని తిరుగుతాడు చూడూ, ఆయన. మిగతా అందరూ గెంతుతున్నారు గానీ ఆయనొక్కడే మనిషిలా నడుస్తున్నాడు."

ఆవిడ ఆ మాట అన్నారంటే ఊరికే అనరు. వీధిలో వెళ్ళేవాళ్ళని మొహం చూడక్కర్లేకుండా, చెప్పుల చప్పుడుని బట్టి ఎవరో చెప్పేస్తారు. మొన్న పాలబ్బాయి కాకుండా వాళ్ళ తమ్ముడు వస్తే, గుమ్మంలోకి రాకుండానే "అన్నయ్యకి జ్వరమా?" అని అడిగారు.

"ఆయన పేరు అలెక్ గిన్నెస్ అండి. ఇంగ్లీషు నటుడు."

"గిన్నెసా? ఆ రికార్డుల పుస్తకం వాళ్ళా?"

"ఆ పుస్తకం తెచ్చిన బీరు కంపెనీ వాళ్ళకీ ఈయనకీ చుట్టరికం ఉందని జనం చెప్పుకునేవారు గానీ, అసలు తండ్రెవరో ఆయనకే రూఢిగా తెలీదండి. 1914 ఏప్రిల్లో లండన్‌లో పుట్టాడు. పుట్టినరోజు కాగితంలో తండ్రి పేరు రాయాల్సిన చోటు ఖాళీ. ఎవరో బ్యాంకు పెద్దమనిషి స్కూలు ఫీజులు కట్టేవాడు, ఆయనే తండ్రి అయ్యుంటాడని లోకం అనుకుంది. తల్లి మధ్యలో ఓ కెప్టెన్‌ని పెళ్ళాడితే కొన్నాళ్ళు ఆయన ఇంటిపేరు తగిలించారు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి పిల్లాడికి మూడు పేర్లు, ముప్ఫై దాకా అద్దెగదులూ హోటళ్ళూ."

పిన్నిగారు ఉడతని అదిలించడం కూడా మర్చిపోయారు. "పాపం, ఆ వయసులో పిల్లాడు ఎవరని చెప్పుకోవాలి?"

నాకూ అదే అనిపిస్తుంది, ఆయన స్వీయచరిత్ర చదివినప్పుడల్లా. సొంత పేరే అద్దెది అయినవాడికి ఇంకొకళ్ళలా ఉండడం పెద్ద కష్టం కాదేమో. అయితే అలా తేల్చేస్తే ఆయన పడ్డ పాట్లన్నీ కొట్టిపారేసినట్టు అవుతుంది. ఎందుకంటే మొదట్లో ఆయనకి నటన రాదనే అన్నారు అందరూ.

అడ్వర్టయిజ్‌మెంట్ల కంపెనీలో చిన్న గుమాస్తాగిరీ చేస్తూ, అప్పటికే పెద్ద నటుడైన జాన్ గీల్గుడ్‌కి ధైర్యం చేసి ఫోన్ చేశాడట, పాఠాలు చెబుతారా అని. ఆయన మార్టిటా హంట్ అనే నటి దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆవిడ కొన్ని పాఠాలు చెప్పి, నాయనా, నీకిది అబ్బదు, నీ డబ్బు నువ్వు పట్టుకుపో అంది. ఇతను కదలలేదు. చివరికి గీల్గుడే 1934లో తన హామ్లెట్ నాటకంలో ఆస్రిక్ అనే చిన్న వేషం ఇచ్చాడు. ఇచ్చి, రిహార్సల్లో ఘోరంగా ఉంది పొమ్మని తరిమేసి, వారం తర్వాత మళ్ళీ పిలిచాడు!

"ఆ పాఠాలు చెప్పినావిడ ఏమనుకుందో తర్వాత?"

"అదే తమాషా. 1939లో డికెన్స్ నవల గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్‌ని ఈయనే నాటకంగా రాసి వేశాడు. అందులో మిస్ హావిషామ్ వేషం ఆవిడదే. పెళ్ళి చెడిపోయిన రోజు నుంచీ పెళ్ళి బట్టలు విప్పని ముసలావిడ. ఆ నాటకం చూసిన డేవిడ్ లీన్ 1946లో అదే కథ సినిమా తీస్తూ ఇద్దర్నీ పెట్టుకున్నాడు. నీకు నటన రాదన్న పంతులమ్మా, రాదనిపించుకున్న శిష్యుడూ ఒకే సినిమాలో!"

"మధ్యలో యుద్ధం కదూ?"

"యుద్ధంలోనూ ఉన్నాడండి, నేవీలో. 1943లో సిసిలీ మీదకి సైన్యాన్ని దింపే పడవకి అధికారి. దాడి గంటసేపు వెనక్కి జరిపారన్న కబురు ఈయనకి అందలేదు. చెప్పిన టైముకే ఒడ్డుకి చేరిపోయాడు. పైవాళ్ళు తిడితే, నాటకాల్లో తెర ఎనిమిదింటికి లేస్తుందంటే ఎనిమిదింటికే లేస్తుంది సార్ అన్న ధోరణిలో జవాబిచ్చాడట."

పిన్నిగారు పడీ పడీ నవ్వారు. మా ఊళ్ళో నాటకాలు పదిన్నరకి తక్కువ మొదలైనట్టు ఆవిడ ఎరగరు మరి.

"ఇంతకీ అసలు సంగతి వినండి. 1949లో కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్ అని సినిమా. జమీందారీ కుటుంబంలో దూరపు వారసుడొకడు, పదవి తనకి రావాలని, అడ్డున్న వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చంపుతూ పోతాడు. చచ్చిపోయే ఆ కుటుంబంలో ఎనిమిది మందీ ఈయనే. పాదిరీ, జనరల్, ఓడతో పాటు మునిగిపోయే అడ్మిరల్, ఆఖరికి బెలూన్లో ఎగిరే లేడీ అగతా కూడా. ముందు నాలుగు వేషాలన్నారట. నాలుగెందుకు, ఎనిమిదీ ఇవ్వండన్నాడు."

"ఎనిమిదేనా?" అన్నారు పిన్నిగారు, కాస్త చప్పగా. "నవరాత్రిలో నాగేశ్వరరావు తొమ్మిది వేశాడు."

ఏం చెప్పను? "అది 1966 కదండీ. ఇది అంతకి చాలా ముందు" అని గొణిగాను. "పైగా చర్చిలో ఒక సీనుంది. ఎనిమిది మందిలో ఆరుగురు ఒకే ఫ్రేములో కనిపిస్తారు. ఇప్పట్లా కంప్యూటర్లు లేవు. డగ్లస్ స్లోకూంబ్ అనే కెమెరామన్ లెన్సులో కొంత భాగమే తెరిచి, మిగతాది నల్లగా మూసేసి, ఒక వేషం తీసి, ఫిల్ముని మళ్ళీ మొదటికి చుట్టి, ఇంకో భాగం తెరిచి ఇంకో వేషం తీశాడు. మేకప్ మార్చుకురావడానికి గంటలు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పోయినట్టే. అందుకని రాత్రిళ్ళు స్టూడియోలో కెమెరా పక్కనే పడుకున్నాడట."

"నేను మాగాయకి కాపలా కాసినట్టు" అన్నారావిడ. నాకు ఆ పోలిక తట్టనందుకు కించిత్తు అసూయ వేసింది.

తర్వాత వరసగా ఈలింగ్ స్టూడియో నవ్వుల సినిమాలు వచ్చాయి. బంగారం దొంగిలించే బ్యాంకు గుమాస్తా, మాయని చిరగని గుడ్డ కనిపెట్టి మిల్లు యజమానులకీ కూలీలకీ కూడా శత్రువైపోయే కెమిస్టు, పళ్ళు బయటపెట్టి నవ్వే దొంగలముఠా నాయకుడు. ఇవన్నీ చెబుతూ పోతే ముక్కలు ఎండిపోతాయి గానీ, ఒకటి మాత్రం దాచను. లీన్ తీసిన ఆలివర్ ట్విస్ట్‌లో ఫాగిన్ అనే యూదుడి వేషం నాకు మింగుడు పడదు. లీన్ ఈయన పనికిరాడనుకుంటే, పూర్తి మేకప్పుతో ఎదురుగా వెళ్ళి నిలబడి ఒప్పించాడు. పాత బొమ్మల్లో ఉన్నట్టు ఇంత పొడుగు ముక్కు పెట్టాడు. అప్పటికి హిట్లర్ మారణహోమం జరిగి మూడేళ్ళు. యూదులని ఎగతాళి చేసినట్టుందని బెర్లిన్లో గొడవలయ్యాయి. అమెరికాలో 1951 దాకా విడుదల చేయలేదు, చేసినా కోతలు పెట్టి చేశారు. నటన గొప్పదే. గొప్పదైనందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"సరే, ఆ నడక సంగతేంటి? అది చెప్పవే" అన్నారు పిన్నిగారు. ఆవిడ అడిగింది వదిలిపెట్టే మనిషి కాదు.

"అదేనండీ వస్తున్నా. ఆయనకి ముందు పాత్ర నడక దొరకాలట. డైలాగులు తర్వాత. ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్ అని 1957లో వచ్చింది. సిలోన్లో తీశారు. జపాన్ వాళ్ళ చేతిలో బందీ అయిన కల్నల్ నికల్సన్ వేషం ఈయనది. మాట వినలేదని ఆయన్ని ఇనుపరేకుల గూట్లో పడేస్తారు. మండే ఎండలో, రోజుల తరబడి. తర్వాత బయటికి తీసుకొచ్చి కమాండెంట్ గది దాకా నడిపిస్తారు. కాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నా, ఒళ్ళు తూలుతున్నా, మెడ మాత్రం వంగదు. ఆ నడక ఎక్కడిదో తెలుసా? వాళ్ళబ్బాయి మాథ్యూది."

"పిల్లాడిదా?"

"పదకొండేళ్ళప్పుడు పోలియో వచ్చిందండి ఆ పిల్లాడికి. నడుం కింద చచ్చుబడిపోయింది. మళ్ళీ లేచి అడుగులు నేర్చుకుంటుంటే తండ్రి చూశాడు. ఆ అడుగులే సినిమాలో వేశాడు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆవిడ ముక్కలు ఒక్కొక్కటీ తిరగేశారు.

ఆ సినిమాకే ఆయనకి ఆస్కార్ వచ్చింది. 1959లో సర్ బిరుదు. కానీ ఆ సినిమా తలుచుకున్నప్పుడల్లా నాకో చిరాకు. అందులో ఖైదీలు కట్టేది రైలు వంతెన. నిజంగా ఆ రైలుమార్గం బర్మా నుంచి సయాం దాకా వేసినప్పుడు తెల్ల ఖైదీలకంటే ఎన్నో రెట్లు ఆసియా కూలీలు చచ్చిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళూ. తెర మీద వాళ్ళ జాడే ఉండదు. ఆ తప్పు ఆయనది కాదనుకోండి.

"వాళ్ళ పిల్లాడు నడిచాడా మరి?" పిన్నిగారింకా అక్కడే ఉన్నారు.

"నడిచాడండి. పెద్దయి నటుడయ్యాడు కూడా. పిల్లాడు మంచంలో ఉన్న రోజుల్లోనే ఈయన దారిలో ఉన్న క్యాథలిక్ చర్చిలోకి వెళ్ళి కూర్చోవడం మొదలెట్టాడు. ఇంకోటి జరిగింది. ఫాదర్ బ్రౌన్ అనే సినిమాకి ఫ్రాన్సు పల్లెటూళ్ళో పాదిరీ వేషంలో, షూటింగు అయ్యాక బసకి నడిచి వెళ్తుంటే, ఎవరో చిన్నపిల్లాడు నిజం పాదిరీ అనుకుని పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఏవేవో చెబుతూ కొంతదూరం వచ్చాట్ట. భాష తెలియక పలికితే భయపడతాడని ఈయన నోరు మెదపలేదు. ఆ చెయ్యి ఆయన మర్చిపోలేదు. 1956లో క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు."

"వేషం వేస్తే నిజంగా వంటబట్టేసిందన్నమాట."

"అంతకు ముందు ఏడాదే ఇంకో వింత. జేమ్స్ డీన్ అని కుర్ర హీరో, కొత్త స్పోర్ట్స్ కారు చూపిస్తే, దాంట్లో ఎక్కకు, ఎక్కావంటే వచ్చేవారం ఈ వేళకి ఉండవు అన్నాట్ట. సరిగ్గా వారానికి, 1955 సెప్టెంబర్ 30న, ఆ కుర్రాడు అదే కారులో పోయాడు."

"అమ్మో, నాలిక మీద పుట్టుమచ్చ ఉందేమోనే!" అని చెంపలు వేసుకున్నారు.

ఆవిడ నవరాత్రి బాణానికి బదులు తీర్చుకునే అవకాశం నాకు ఇంకాసేపటికి దొరుకుతుందనుకున్నాను గానీ, దొరకలేదు. ఎందుకంటే 1984లో వచ్చిన ఎ పాసేజ్ టు ఇండియా గురించి చెప్పాను. బెంగళూరు చుట్టుపక్కల తీశారు. డేవిడ్ లీన్ అందులో ప్రొఫెసర్ గాడ్‌బోలే అనే బ్రాహ్మణుడి వేషం గిన్నెస్‌కి ఇచ్చాడు.

"తెల్లాయనకి పిలకా బొట్టూ పెట్టారా?" పిన్నిగారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంత దేశంలో ఆ వేషానికి ఒక్క బాపడు దొరకలేదుటే?"

దానికి సమర్థన లేదు. ఒంటికి రంగు పూసుకున్న ఆ గాడ్‌బోలేని చూస్తే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన కష్టపడి నేర్చుకున్న నాట్యం కూడా లీన్ ఎడిటింగ్‌లో కోసేశాడు, ఇద్దరికీ మాటలు చెడ్డాయి. పోయింది మంచిదే అని నా లోపల ఒక మూల అంటుంది.

టీవీలో మాత్రం ఆయన చేసినది ఇప్పటికీ చూస్తూ ఉంటాను. 1979లో టింకర్ టైలర్ సోల్జర్ స్పై. జాన్ లె కారే నవల. అందులో జార్జ్ స్మైలీ అనే రిటైరైన గూఢచారి. పెద్దగా ఏమీ చెయ్యడు. కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, వింటాడు, ఊరుకుంటాడు. ఆ వేషానికి ముందు నిజం గూఢచారిని చూడాలని ఉందన్నాడట. లె కారే, బ్రిటిష్ గూఢచారి శాఖకి పెద్దగా చేసి దిగిపోయిన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ని భోజనానికి పిలిచాడు. భోజనం అంతసేపూ ఆయన చేతి కఫ్ బటన్లూ, గ్లాసు అంచు మీద వేలు తిప్పడమూ చూస్తూ కూర్చున్నాడు గిన్నెస్. ఆయన సెలవు పుచ్చుకుని బయటికి వెళ్ళగానే, కుర్చీలోంచి గబుక్కున లేచాడు.

"ఎందుకూ?"

"గొడుగు పట్టుకుని వీధిలో ఎలా నడిచి వెళ్తాడో చూడ్డానికి!"

పిన్నిగారు గోడ మీద చెయ్యి చరిచారు. "మా మనిషి" అన్నారు.

"ఇంతకీ మా వాడి సినిమా ఆయనకి ఇష్టమేనా?"

ఇక్కడ కొంచెం తటపటాయించాను, మనవడు గుమ్మంలోనే ఉన్నాడని. 1977లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయనకి అరవై మూడు. జార్జ్ లూకాస్ తనకొచ్చే వాటాలో రెండుంపావు శాతం రాసిచ్చాడు. దాంతో బతికినన్నాళ్ళూ డబ్బుకి చూసుకోనక్కర్లేకపోయింది. కానీ ఆ డైలాగులంటే ఆయనకి పరమ చిరాకు. నలభై ఏళ్ళు షేక్స్‌పియర్ చెప్పిన నోటితో అవి పలకాల్సి వచ్చిందని. ఓసారి అమెరికాలో పన్నెండేళ్ళ పిల్లాడు వచ్చి, మీ సినిమా నూరుసార్లకి పైగా చూశానన్నాట్ట. అయితే నాకో మాటివ్వు, ఇంకెప్పుడూ చూడకు అన్నాడు ఈయన. పిల్లాడు భోరుమన్నాడు, తల్లి తిట్టిపోసింది.

"మంచి మాటే చెప్పాడు" అన్నారు పిన్నిగారు, లోపలికి వినబడేలా.

"నూరు కాలేదు మామ్మా, పదకొండే!" అని లోపల్నుంచి కేక.

ఆయన 2000 ఆగస్టులో పోయాడని, పెళ్ళయిన అరవై రెండేళ్ళ తర్వాత, భార్య మెరులా కూడా మరో రెండు నెలలకే వెళ్ళిపోయిందని చెప్పబోయాను. పిన్నిగారు వేలెత్తి ఆగమన్నారు. వీధి చివర్నుంచి చెప్పుల చప్పుడు. నాకైతే ఎవరో కూడా తెలియలేదు.

"మీ బాబాయిగారు" అన్నారు, మాగాయ గుడ్డ మూలలు దగ్గరికి లాగుతూ. "కుడికాలు ఈడుస్తున్నారు. వద్దన్నా రిక్షా ఎక్కకుండా బజారు నుంచి నడిచొచ్చారు. ఉండవే, వేణ్ణీళ్ళు పెట్టాలి."