నిప్పు లేని పోత

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు రాయమంటే అన్నలు సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి రాస్తారు. అవి రాయడానికి నాకంటే అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒక చేతిపని గురించి రాస్తున్నాను. ఈసారి అతిథులకు ఇవ్వడానికి తయారుచేసిన ఆరంగుళాల అంబేద్కర్ ప్రతిమలను చూసి "అన్నా, ఇవి కంచువా?" అని అడిగిన తమ్ముళ్ళకు ఇదే నా జవాబు. అవి కంచు కరిగించి పోసినవి కావు. రెజిన్‌లో కంచు పొడి కలిపి అచ్చులో పోసినవి. దీన్ని కోల్డ్ కాస్టింగ్ అంటారు. కొలిమి అక్కరలేదు కాబట్టి నేను నిప్పు లేని పోత అంటాను.

ఈ పని నాకు మా అన్న ద్వారా తెలిసింది. మా అమ్మా నాన్నా కట్టంగూర్ చుట్టుపక్కల పత్తి ఏరడానికి, బత్తాయి తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. అన్న, నేను ఇద్దరం ఈ వసతి గృహంలోనే చదివాం. ఇద్దరినీ పైచదువులు చదివించే స్తోమత ఇంట్లో లేదు. పదో తరగతి కాగానే అన్న హైదరాబాద్ శివారులో ఫైబర్ బొమ్మలు చేసే షెడ్డులో పనికి కుదిరాడు. ఆ కూలి డబ్బులతో నా ఇంటర్, డిగ్రీ గడిచాయి. ఇప్పుడు నేను నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్నాను. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే.

సెలవుల్లో అన్న దగ్గరికి వెళ్ళి ఆ షెడ్డులో నాలుగు చేతులు వేసేవాణ్ణి. అక్కడ మూడు రకాల డబ్బాలు ఉంటాయి. ఒకదాంట్లో తేనె రంగులో చిక్కటి రెజిన్. రెండోదాంట్లో వంకాయ రంగు మందు. మూడో సీసాలో నీళ్ళలాంటి మందు. కిలో రెజిన్‌కు ఎన్ని మూతలు పోయాలన్నదే అక్కడి లెక్క. ఎండకాలం అయితే తక్కువ, చలికాలం అయితే ఎక్కువ. ఒకరోజు అన్న అడిగాడు.

"తమ్మీ, నువ్వు సదివే కెమిస్ట్రీల మా డబ్బల సంగతి ఉంటదారా?"

"ఉంటది అన్నా."

"అయితే జెర మాకూ చెప్పు. పదేండ్ల సంది కలుపుతున్నం, లోపల ఏమైతదో ఎవ్వనికీ తెల్వది."

తరగతిలో పాలిమర్ల పాఠం వినేటప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. తేనె రంగు రెజిన్ పేరు అసంతృప్త పాలియెస్టర్. 1930లలో అమెరికా రసాయన శాస్త్రవేత్త కార్ల్‌టన్ ఎల్లిస్ దీని మీద పేటెంట్లు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి గాజు పీచుతో కలిపి పడవలకు, విమాన భాగాలకు వాడారు. ఇవాళ మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకుల్లో కొన్ని, ఊరేగింపు బండ్ల అలంకారాలు కూడా దీనితో చేసినవే. ఈ పాలియెస్టర్ పోగులు స్టైరీన్ అనే ద్రవంలో కరిగి ఉంటాయి. నీళ్ళలాంటి మందు ఎం.ఇ.కె.పి. అనే పెరాక్సైడ్. వంకాయ రంగు మందు కోబాల్ట్ లవణం. కోబాల్ట్ తాకితే పెరాక్సైడ్ మామూలు వేడిలోనే విడిపోతుంది. అప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ స్టైరీన్‌ను లేపి పోగుకూ పోగుకూ మధ్య ముడివేస్తాయి. మగ్గం మీద పడుగుకు పేక పడ్డట్టు అంతా ఒకే వల అవుతుంది. ఆ వల పడ్డాక రెజిన్ మళ్ళీ కరగదు.

బొమ్మ చేయడానికి మన దగ్గర పాత దారులు చాలా ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ మధ్యలో 1992 డిసెంబర్ 1న నిలబెట్టిన బుద్ధ విగ్రహం రాయి మన ఉమ్మడి నల్లగొండ జిల్లా రాయగిరిది. అక్కడ అక్కరలేని రాయిని చెక్కేస్తే బొమ్మ మిగిలింది. జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కొట్టి బొమ్మను పైకి లేపుతారు. ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆదిలాబాద్ ఓజా కళాకారులు మైనపు తీగలతో బొమ్మ అల్లి, మీద మట్టి పొదిగి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో గుర్తింపు దక్కింది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. రాగికి 1085 డిగ్రీలు కావాలి. కొలిమి, బొగ్గు, మూస, తరతరాల అనుభవం అన్నీ ఉండాలి.

నిప్పు లేని పోతలో లోహాన్ని కరిగించం. మెత్తటి పొడిగానే రెజిన్‌లో కలుపుతాం. ముందు బంకమట్టితో బొమ్మ చేసి, దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తాం. రబ్బరు వంగిపోకుండా వెనుక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తొడుగు వేస్తాం. అచ్చు లోపల పొడి కుంచెతో కంచు పొడి రుద్దుతాం. ఇక రెజిన్‌లో కంచు పొడి కలపాలి. గిన్నె కొలతలో ఒకటికి ఒకటి వేస్తాం. తూకం వేస్తే పొడి బరువే చాలా ఎక్కువ ఉంటుంది. పొడి బాగా కలిశాక కోబాల్ట్ వేసి కలపాలి. చివరగా పెరాక్సైడ్. వందకు ఒకటి నుంచి రెండు పాళ్ళు చాలు. రాగి ఉన్న పొడులు రెజిన్ గట్టిపడటాన్ని కొంత ఆలస్యం చేస్తాయి. అందుకే ముందు చిన్న మూతలో పోసి చూసుకోవాలి.

ఈ చిక్కటి మిశ్రమాన్ని అచ్చు లోపల బుడగలు రాకుండా పలచగా పూస్తాం. అది జిగురుగా గట్టిపడ్డాక వెనుక మామూలు రెజిన్, సుద్ద పొడి, గాజు పీచు వేస్తాం. అంటే లోహం మీది పొరలోనే ఉంటుంది. నిప్పు లేదంటే వేడి లేదని కాదు. గట్టిపడేటప్పుడు గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఒకేసారి మందంగా పోస్తే పగుళ్ళు వస్తాయి.

మర్నాడు అచ్చు విప్పితే మొదటిసారి చూసేవాళ్ళకు నిరాశే. బొమ్మ మట్టి రంగులో, ఏ మెరుపూ లేకుండా ఉంటుంది. పైన సన్నటి రెజిన్ పొర లోహపు రేణువులను కప్పేసి ఉంటుంది. ఉక్కు పీచుతో ఓపికగా రుద్దితే ఆ పొర పోయి కంచు బయటపడుతుంది. ముక్కు, చెంప, కోటు అంచు మెరవడం మొదలవుతుంది. తర్వాత నల్ల బూటు పాలిష్ పూసి తుడిస్తే గుంటల్లో నలుపు నిలిచి, గట్ల మీద మెరుపు మిగులుతుంది. మన ప్రతిమలను పదో తరగతి తమ్ముళ్ళు రెండు ఆదివారాలు కూర్చుని రుద్దారు. కలిపే పని మాత్రం నేను, అన్న చేశాం. ఎందుకో కింద చెబుతాను.

అంతకంటే ముందు ఒక మాట. లోపల రెజిన్, పైన కంచు అయితే అది మోసమా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహంలో కూడా లోపల ఉక్కు చట్రం ఉంది, పైన కంచు తొడుగు ఉంది. పైపొరలో లోహం ఉండటం తప్పు కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పకపోవడమే తప్పు. ఏప్రిల్ దగ్గర పడితే షెడ్డుకు ఊళ్ళ నుంచి మన వాడల వాళ్ళు వస్తారు. కూలి డబ్బుల్లోంచి పది, ఇరవై చందాలు పోగుచేసుకుని బాబాసాహెబ్ విగ్రహం కోసం వస్తారు. వాళ్ళకు అన్న మొదటే చెబుతాడు: "పెద్దయ్యా, ఇది పోత కంచు కాదు. ఫైబర్ మీద కంచు పొడి. తేలిగ్గ ఉంటది, ధర తక్కువ పడుతది. కానీ ఎండల నిలబడాల్నంటే రెండు మూడేండ్లకోసారి మీద పూత వెయ్యాలె." ఆ మాట నిజమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాలియెస్టర్ పసుపు తిరిగి, పొడి రాలుతుంది. కొందరు అది విని వెనక్కి వెళ్ళి ఇంకో ఏడాది చందా పోగుచేసుకుంటారు. ఎక్కువమంది తెలిసే కొంటారు. తెలిసి కొన్నవాళ్ళు పూత వేయించడం మరిచిపోరు.

ఇక కలిపే పని సంగతి. ఆ షెడ్డులో మా బాబాయి వయసున్న ఒకాయన ఉండేవాడు. ఒకసారి నీళ్ళలాంటి మందు చిట్లి ఆయన కంట్లో పడింది. పక్కనవాళ్ళు కొంగుతో తుడిచి, నొప్పి తగ్గకపోతే సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ కంటికి చూపు మళ్ళీ సరిగా రాలేదు. ఎం.ఇ.కె.పి. కంట్లో పడితే ప్రతి క్షణం లెక్కే. వెంటనే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, ఆపకుండా ఆస్పత్రికి పోవాలి. ఈ సంగతి డబ్బా మీద ఇంగ్లీషులో రాసే ఉంది. పదేళ్ళుగా రోజూ ఆ డబ్బా పట్టుకున్న చేతుల్లో ఒక్కరికీ ఆ అక్షరాలు చదవడం రాదు. నేను ఎం.ఎస్సీ. చదివి ఏం చేస్తాను, ఉద్యోగం వస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. ఆ అక్షరాలు తెలుగులో రాయడం మాత్రం నేను అప్పటికప్పుడు చేయగలిగిన పని. పెద్ద కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించాం. అందులో ఉన్నవి ఇవి:

1. వంకాయ రంగు మందు, నీళ్ళ మందు ఎప్పుడూ నేరుగా కలపొద్దు. పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

2. లోహపు పొడిని నీళ్ళ మందులో వేయొద్దు. పొడి రెజిన్‌లోనే కలపాలి.

3. మూతలతో కాదు, సూదిలేని సిరంజీతో కొలవాలి.

4. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా మందు సీసా తెరవొద్దు. పక్కన నీళ్ళ బకెట్టు, చెంబు ఎప్పుడూ ఉండాలి.

5. బీడీ, సిగరెట్, పొయ్యి షెడ్డు బయటే. స్టైరీన్ ఆవిరి సుమారు 31 డిగ్రీలకే అంటుకోగలదు. మన ఎండకాలం 40 దాటుతుంది.

6. మూతికి కట్టిన రుమాలు ఆవిరిని ఆపదు. బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. తలుపులు తెరిచి, గాలి ఆడేచోట కలపాలి.

7. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు నీళ్ళు చల్లుతూ రుద్దాలి. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఆరో మాట దగ్గర కొందరు నవ్వారు. "ఇన్నేండ్లు వాసన పీల్చినం, ఏమైంది?" అన్నారు. తల తిప్పడం, కళ్ళు మండటం, సాయంత్రానికి అన్నం సహించకపోవడం వాళ్ళకు అలవాటైపోయింది. అలవాటైంది కాబట్టి అది జబ్బు లెక్కలోకి రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చిందని చెప్పాను. ఇప్పుడు సిరంజీలు వచ్చాయి. కళ్ళద్దాలు వచ్చాయి. కార్ట్రిడ్జ్ మాస్కులు రెండే ఉన్నాయి, పనిచేసేవాళ్ళు ఆరుగురు. మిగతావాటి కోసం అన్న యజమానిని అడుగుతూనే ఉన్నాడు. మన ప్రతిమలు కలిపిన రెండు రోజులకు ఆ రెండు మాస్కులే అడిగి తెచ్చుకున్నాం. అందుకే తమ్ముళ్ళను అచ్చుల దగ్గరికి రానివ్వలేదు. కోపం తెచ్చుకున్నవాళ్ళకు కారణం ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు తప్పకుండా నేర్చుకోండి. జ్ఞాపికలు, గోడ బొమ్మలు, తోరణాల పూలు, దీపపు సెమ్మెలు, ఏదైనా పోయవచ్చు. చదువుకుంటూ చేతిలో ఒక పని ఉండటం చిన్నతనం కాదు. మనల్ని చదివించిన చేతులన్నీ అలాంటి పనులే చేశాయి.

తమ్ముళ్ళూ, మన ఇళ్ళల్లో చాలావరకు చదవగలిగినవాళ్ళం మనమే. మీ నాన్న బొమ్మల షెడ్డులో పని చేయకపోవచ్చు. కానీ పత్తి చేనుకు మందు కొట్టి ఉంటాడు. ఆ డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం. తర్వాత పసుపు, దాని తర్వాత నీలం, అన్నిటికంటే తక్కువ ఆకుపచ్చ. ఈసారి దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ డబ్బా వెతికి, గుర్తు ఏ రంగులో ఉందో చూడండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా ఒక్కసారి పైకి చదివి అమ్మకూ నాన్నకూ వినిపించండి. అర్థం కాని మాట ఉంటే రాసుకుని రండి. ఆదివారాల్లో నేను వసతి గృహానికి వస్తూనే ఉంటాను, కూర్చుని చూద్దాం.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, కట్టంగూర్