యముడు పోయిన శుక్రవారం

ఒమాన్‌లోని మబేలాలో శుక్రవారం మాకు సెలవు. వారం రోజుల బట్టలు ఉతికి మేడమీద ఆరేసుకునే రోజు. 2022 డిసెంబర్ 23న బకెట్లో నురగ పొంగుతుండగానే ఫోన్లో కబురొచ్చింది: సినిమా నటుడు కైకాల సత్యనారాయణ ఇక లేరు. 87 ఏళ్లు.

గదిలో ఆరుగురం. ఎవరూ ఏడవలేదు గానీ గ్లాసుల్లో టీ అలాగే చల్లారిపోయింది. “యముడికే చావొచ్చింది బాబాయ్” అన్నాడు కడప కుర్రాడు. నవ్వబోయి ఆగిపోయాం. ఆయన యముడిగా వేసిన ‘యమగోల’ 1977లో వచ్చేనాటికి వాడు పుట్టనేలేదు. మళ్లీ యముడిగా వేసిన ‘యమలీల’ మాత్రం టీవీలో లెక్కలేనన్నిసార్లు చూశాడట. ఫోన్ని నీళ్ల సీసాకి ఆనించి అదే పెట్టాడు.

సత్యనారాయణగారు కృష్ణా జిల్లా కౌతవరంలో పుట్టిన మనిషి. 1959లో ‘సిపాయి కూతురు’తో హీరోగా మొదలై, విలన్‌గా స్థిరపడ్డారు. ‘తాతా మనవడు’లో కన్నతండ్రిని పట్టించుకోని కొడుకు ఆయనే. ఆ కొడుకుని మా అమ్మ హాల్లోనే నోరారా తిట్టింది.

మా నాన్న పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. టికెట్ దొరికేలోపే అక్కడ అన్నీ అయిపోయాయి. చివరిచూపు ఫోన్లోనే. ఆ శుక్రవారం మర్నాడు హైదరాబాద్‌ మహాప్రస్థానం శ్మశానవాటికలో సత్యనారాయణగారి అంత్యక్రియలూ అదే తెరమీద చూశాను. ఈసారి మాత్రం కళ్లు ఆగలేదు. ఎవరికోసమో నాకే తెలియలేదు.

మేడమీద బట్టలు ఎప్పుడో ఎండి బిరుసెక్కాయి.