గుర్రం కాళ్ళ కింద మనిషి



"అయ్యగారూ, బైబిలు నేర్పమని పంపితే మావాడు ఇంటికొచ్చి చీపురుకట్ట పట్టుకుని మంచం కోడు మీద గుర్రం ఎక్కుతున్నాడేంటి?" అని వి.బి.ఎస్. జరిగిన వారంలో ఇద్దరు ముగ్గురు తల్లులు మమ్మల్ని అడిగారు. నవ్వుతూనే అడిగారు. అయినా జవాబు చెప్పాలి గనుక ఇక్కడ రాస్తున్నాం.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలకు ఈసారి అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం చెప్పాం. మీకు తెలిసినదే. పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని నలభై మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి పౌలు మేనల్లుడి చెవిన పడింది. అతను కోటలోకి వెళ్ళి చెబితే, సహస్రాధిపతి ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి విన్నాడు. ఆ రాత్రే తొమ్మిది గంటలకు పౌలును యెరూషలేము నుంచి కైసరయకు పంపించేశాడు. తోడుగా 200 మంది సైనికులు, 70 మంది గుర్రపు రౌతులు, 200 మంది ఈటెలవారు.

అంకెలు చెబితే పిల్లలకు ఎక్కవు. అందుకని చింతపిక్కలు తెచ్చి లెక్కపెట్టించాం. ఒక పక్క 470 పిక్కల కుప్ప. ఇంకో పక్క నలభై పిక్కలు. మధ్యలో పౌలు అని ఒక్క పిక్క. ఐదో తరగతి పిల్లవాడు ఆ కుప్పను చూసి "ఒక్క మనిషికి ఇంతమందా!" అని నోరు తెరిచాడు. మాకు కావలసింది అదే. దేవుడు తన సేవకుని కాపాడతాడనే మాట అక్కడ చెప్పేసి పాఠం ముగిద్దామనుకున్నాం.

కానీ వాళ్ళకు గుర్రాలు కావాలి. మనూళ్ళో గుర్రాన్ని చూసిన పిల్లలెంతమంది? పెళ్ళి ఊరేగింపులో ఒకసారి, సినిమాల్లో నాలుగుసార్లు. అంతే. సరే, మేమూ ముందే కొంత చదివి పెట్టుకున్నాం. రోమా రౌతులకు రికాబులు లేవు, అంటే కాళ్ళు మోపుకోవడానికి జీనుకు వేలాడే కడియాలు లేవు. వాటికి బదులు జీనుకే నాలుగు కొమ్ములుండేవి, ముందు రెండు, వెనక రెండు. వాటి మధ్య తొడలు బిగించుకుని కూర్చుని, ఒక చేత్తో డాలు, ఇంకో చేత్తో ఈటె పట్టేవారు. ఇది చెప్పగానే ఒకడు బియ్యం బస్తా ఎక్కాడు. డాలుకు సత్తుపళ్ళెం, ఈటెకు చీపురుకట్ట. కాళ్ళు నేలకు ఆనకుండా ఈటె విసరమన్నాం. పడ్డాడు. ఆ తర్వాత అందరూ ఎక్కారు, అందరూ పడ్డారు. మీ ఇళ్ళలో మంచం కోళ్ళ కథ అక్కడ మొదలైంది.

ముప్పై మందికి అటూ ఇటూగా ఒక గుంపు, దానికి ఒక నాయకుడు. అలాంటివి పదహారు కలిస్తే సుమారు 500 మంది గుర్రపు దళం. వాళ్ళలో ఎక్కువమంది రోమీయులు కారు. రోమా గెలిచిన దేశాల వాళ్ళు, గాలియా వాళ్ళు, త్రాకియ వాళ్ళు. పాతికేళ్ళు సేవ చేస్తే, చివరికి రోమా పౌరసత్వం. ఆ సంగతి కంచు రేకు మీద చెక్కి ఇచ్చేవారు. ఇక్కడ మేమే కాసేపు ఆగిపోయాం. ముందటి అధ్యాయంలోనే కదా, సహస్రాధిపతి తాను బహు ద్రవ్యమిచ్చి కొనుక్కున్నానంటే, పౌలు తాను పుట్టుకతోనే పౌరుణ్ణన్నాడు! అంటే ఆ రాత్రి పౌరుడు ఖైదీగా వెళుతున్నాడు. ఇంకా పౌరులు కానివాళ్ళు బహుశా చాలామందే అతనికి కాపలాగా పక్కన స్వారీ చేస్తున్నారు. యూదయలోని రోమా దండులో ఎక్కువమంది కైసరయ, సెబస్తె పట్టణాల వారని యోసేపస్ రాశాడు. అదే నిజమైతే ఆ 70 మందిలో కొందరు సొంత ఊరికే వెళుతున్నారన్నమాట. కాలినడక వాళ్ళు అంతిపత్రి నుంచి వెనుదిరిగారు. మిగతా దారి, సుమారు 40 కిలోమీటర్లు, రౌతులే తీసుకెళ్ళారు.

తప్పు మేము ఆ తర్వాత చేశాం. రౌతు ఎలా ఉంటాడో చూపిద్దామని ఫోనులో ఒక బొమ్మ తీశాం. ఇంగ్లండు ఉత్తరాన హెక్సమ్ అనే ఊళ్ళో పాత దేవాలయం ఉంది, ఈనాటికీ ఆరాధన జరిగే స్థలమే. అందులో ఫ్లావినస్ అనే రౌతు సమాధి రాయి నిలబెట్టి ఉంది. పాతికేళ్ళకు చనిపోయాడు, ఏడేళ్ళు సేవ చేశాడు, దళం జెండా మోసేవాడు. అంతా రాతి మీద ఉంది. ఎప్పుడో కట్టడంలో మామూలు రాయిలా వాడేశారు, 1881లో బయటపడింది. గుర్రం మీద ఠీవిగా కూర్చున్నాడు, తలమీద ఈకల కుచ్చు. పిల్లలు ఫోను కోసం ఒకరినొకరు తోసుకున్నారు.

రెండో తరగతి పాప వేలు కింద పెట్టి అడిగింది. "అయ్యగారూ, ఈయనెవరు?"

గుర్రం కాళ్ళ కింద ముడుచుకుపోయి ఒక మనిషి ఉన్నాడు. చేతిలో కత్తి, ఒంటిమీద బట్ట లేదు. మేము ఆ బొమ్మ అంతకుముందు చాలాసార్లు చూశాం. "శత్రువమ్మా" అన్నాం.

"ఈయనదే ఊరు?"

"టైము అయిపోయింది, పాట పాడదాం" అన్నాం. మీతో దాచేదేముంది, నిజంగా అలాగే అన్నాం.

రాత్రి అన్నం వడ్డిస్తూ పాస్టరమ్మగారు, "ఆ పిల్ల అడిగినదానికి మీరు చెప్పలేదు" అన్నారు. అవును, చెప్పలేదు. ఎందుకంటే జవాబు, ఆయన ఊరు అదే అని. ఆ గడ్డ ఆయనది. దూరం నుంచి వచ్చింది గుర్రం. రాతి మీద ఫ్లావినస్ పేరుంది, వయసుంది, సేవ చేసిన ఏళ్ళున్నాయి. కింద ఉన్న మనిషికి పేరు లేదు. కాల్చెస్టర్‌లో లాంగినస్ అనే ఇంకో రౌతు రాయి ఉంది. త్రాకియవాడు, ఇప్పటి సోఫియా నగరం అతని ఊరు, నలభై ఏళ్ళు బతికాడు. అతని గుర్రం కిందా అలాంటి మనిషే. అతని సొంత దేశం కూడా రోమా చేతికి చిక్కినదే. లాంకాస్టర్‌లో మూడో రాయి ఉంది గానీ, రౌతు చేతిలో తెగిన తల ఉంటుంది. అది పిల్లలకు చూపించేది కాదు.

మన సంఘంలో పెద్ద వయసువారికి, పెద్ద వీధి దాటేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకున్న రోజులు గుర్తే. ఆ పాప వాళ్ళ నాయనమ్మ కూడా వారిలో ఒకరు. బొమ్మలో పాప కళ్ళు ముందు ఎక్కడికి వెళ్ళాయో, మా కళ్ళు ఎందుకు వెళ్ళలేదో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాం. మేమూ అదే పల్లెలో పుట్టాం మరి.

మర్నాడు ఆ బొమ్మ మళ్ళీ చూపించి, ఊరు సంగతి చెప్పాం. గొడవ మొదలైంది. "అయితే రౌతులు చెడ్డవాళ్ళా? పౌలును కాపాడారుగా!" అని ఒకడు. "యేసయ్యను సిలువేసింది ఎవరు? ఈళ్ళేనా?" అని ఇంకొకడు. ఆ దండే అన్నాం. కైసరయలో ఫేలిక్సు లంచం దొరుకుతుందేమోనని ఎదురుచూసి, పౌలును రెండేళ్ళు ఖైదులోనే వదిలేశాడని కూడా చెప్పాం. దేవుడు వాళ్ళను వాడుకున్నాడు అనే మాట మా నోటికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అన్నాం కూడా. బస్తా మీద నుంచి మొదట పడ్డవాడు, "వాడుకుంటే మంచోళ్ళయిపోతారా అయ్యగారూ?" అన్నాడు. కాదన్నాం. మరి ఏమవుతారంటే మాకు వెంటనే తోచలేదు. ఆ ప్రశ్న ఇంకా మా దగ్గరే ఉంది.

చివర్లో బొమ్మలు వేయమన్నాం. చాలామంది గుర్రాలే వేశారు, కొన్నింటికి కొమ్ములు జీనుకు బదులు తలకు వచ్చాయి. రెండో తరగతి పాప గుర్రం జోలికి పోలేదు. ఒక ఇల్లు, వాకిట్లో నులకమంచం, దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి. చేతిలో కత్తి మాత్రం వదల్లేదు.

"ఈయన పేరేంటమ్మా?" అని అడిగాం.

"ఇంకా పెట్టలేదు" అంది.