మైపాడులో సాయంత్రం పరుగు

హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లాకు మకాం మార్చాక నాకు దొరికిన పెద్ద సంతోషం ఈ సాయంత్రం పరుగే. ఎండ చల్లబడగానే మైపాడు తీరానికి చేరిపోతాను.

ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే. పగలంతా నేల కాగిపోయి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, సముద్రం మీంచి చల్లగాలి ఒడ్డుకు తోసుకొస్తుంది. ఎప్పుడో బళ్లో బట్టీపట్టిన పాఠం చెమట పట్టిన ఒంటికి తగిలితే ఎంత హాయో!

పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. అల వెనక్కి తగ్గిన చోట మాత్రం నేల గట్టిగా ఉంటుంది. అడుగు వేసిన చోట చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్టు తెల్లబడి, కాలు తీయగానే మళ్లీ నీరూరుతుంది. ఎండ్రకాయలు పక్కవాటుగా ఉరికి బొరియల్లో దూరతాయి.

మనది తూర్పు తీరం కదా, పొద్దు సముద్రంలో మునగదు, వెనక సరుగుడు తోటల్లో దిగుతుంది. పౌర్ణమి నాడైతే అటు సూర్యుడు, ఇటు నీళ్లలోంచి చందమామ. ఆ రోజు పరుగు ఆపబుద్ధి కాదు.

వల బాగుచేసుకునే ఓ పెద్దాయన మొదట్లో "యాడ్నించి వచ్చావబ్బయా?" అని అడిగేవారు. ఇప్పుడు "నిన్న రాలేదే?" అంటున్నారు. కొత్త ఊళ్లో మన కోసం చూసే మనిషి ఒకరుండటం ఎంత ధైర్యమో.

నెల్లూరు చుట్టుపక్కల పరిగెత్తేవాళ్లుంటే చెప్పండి, కలిసి పరిగెడదాం.