ముగ్గురు ఎలుగుబంట్లు

అంకెలు రావడం వేరు, లెక్క రావడం వేరు. నాలుగేళ్లు నిండని మా మేనకోడలు ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. నాలుగు గోలీలు లెక్కపెట్టించి "మొత్తం ఎన్నున్నాయే?" అంటే మాత్రం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. చివర్న పలికిన అంకే మొత్తం అని పిల్లలకి తట్టడానికి టైమ్ పడుతుంది. పిల్లల లెక్కల మీద 1978లో గెల్మన్, గాలిస్టెల్ రాసిన పుస్తకంలో చెప్పిన ఐదు సూత్రాల్లో ఇదొకటి. వస్తువుకి ఒక్కటే అంకె అన్నది ఇంకోటి.

బొమ్మల పుస్తకం పనికొచ్చేది ఇక్కడే. గోలీలు దొర్లిపోతాయి, చీమలు పారిపోతాయి. బొమ్మలో బాతులు కదలవు. ఎరిక్ కార్ల్ 1969 నాటి 'ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్'లోనైతే గొంగళిపురుగు తిన్న పళ్లకి నిజంగానే బెజ్జాలుంటాయి. సోమవారం ఒక ఆపిల్, అలా పెరుగుతూ శుక్రవారానికి ఐదు నారింజలు. వేలు ఒక్కో బెజ్జంలో దూరుతుంటే ఒక్కో అంకె నోట్లోంచి వస్తుంది.

చిక్కు ఇంకో పుస్తకంతో వచ్చింది. అందులో ఎలుగుబంట్లు చొక్కాలేసుకుని బల్ల చుట్టూ కూచున్నాయి. మేనకోడలు వేలు పెట్టి చూసి "ముగ్గురు" అంది.

"ఎలుగుబంట్లు కదే, ముగ్గురేంటి?"

"చొక్కాలేసుకున్నారు కదత్తా!"

ఇంగ్లీషులో ఈ పేచీ లేదు. త్రీ బేర్స్, త్రీ చిల్డ్రన్, త్రీ చైర్స్. తెలుగులో మూడనాలో ముగ్గురనాలో తెలియాలంటే ఎదురుగా ఉన్నది మనిషో కాదో ముందు తేల్చుకోవాలి. ఆడపిల్లని 'అది' అనేసే భాషే, లెక్క దగ్గరికొచ్చేసరికి ఆమెని కుర్చీల వరసలో నిలబెట్టదు.

జపాన్ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో 1975లో వేసిన లెక్కల పుస్తకంలో కథ చెప్పే మాటలే లేవు. సున్నా దగ్గర మంచు కప్పిన ఖాళీ నేల. పేజీ తిప్పేకొద్దీ ఇళ్లు, చెట్లు, మనుషులు పెరుగుతూ పన్నెండు దాకా వెళ్తుంది. అనువాదం అక్కర్లేదు. ఇళ్లనీ చెట్లనీ ఒక రకంగా, మనుషుల్ని ఇంకో రకంగా మన నోటితోనే లెక్కపెట్టుకోవచ్చు.

వచ్చే జూన్‌లో అది బడికెళ్తుంది. అక్కడ అంకెలన్నీ ఇంగ్లీషువే. మా తరానికి పెద్ద అంకెలు ఎప్పుడో జారిపోయాయి. డెబ్బై తొమ్మిది అంటే మా తమ్ముడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. అది పోతే పోయిందనుకోవచ్చు. కానీ హోటల్లో "ఎంతమంది సార్?" అని అడిగితే "ఫోర్ మెంబర్స్" అంటున్నాం. నలుగురు అనే మాట కళ్లముందే పోతోంది. మనుషుల్ని లెక్కపెట్టడానికి మాత్రమే ఉన్న మాట అది.

ఈమధ్య పరమానందయ్య శిష్యుల కథ బొమ్మలేసుకుంటూ చెప్పాను. ఏరు దాటాక ఒక్కో శిష్యుడూ తనని వదిలేసి మిగతావాళ్లని లెక్కపెట్టి, ఒకడు మునిగిపోయాడని ఏడుస్తాడు. అది బొమ్మలో అందర్నీ వేలితో తాకి విరగబడి నవ్వింది. "మరి మనింట్లో మనం ఎంతమందిమి?" అనడిగాను. వాళ్లమ్మని, నాన్నని, నన్ను చూపించింది. కాసేపాగి వేలు తన గుండెల మీద పెట్టుకుని "నలుగురం" అంది.