పాటలో ఎంత వదులుకోవచ్చు?

సీడీలో నిమిషం పాటకు దాదాపు 10 మెగాబైట్లు కావాలి. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే ఒక్కటి చాలు. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఆనదు. ఎంపీ3 వదిలేసేది ముఖ్యంగా దాన్నే. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ఈ పద్ధతికి పదును పెడుతూ సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్'ను పదేపదే విన్నారు. వాద్యాల్లేని ఆ ఒంటరి గొంతులోనే లోపాలు బయటపడ్డాయి. కొలత యంత్రానిదైనా తీర్పు చెవిదే కావడం నాకెంతో నచ్చుతుంది.

మరీ 64 కిలోబిట్లకు దించితే తాళాల గలగల నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. అలా పోయింది మళ్లీ రాదు. అందుకే ఫోన్‌లో ఎంపీ3, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఫ్లాక్ ఉంచుతాను. ఫ్లాక్ సైజు సీడీలోని దానిలో దాదాపు సగమైనా ఒక్క బిట్టూ పోదు. అమ్మమ్మ పాడిన మంగళహారతి మరెక్కడా దొరకదు. అలాంటివాటి దగ్గర చోటుకు పిసినారితనం పనికిరాదు.