గుప్పెడు లెక్క

కోనసీమలో గోదావరి పాయ పక్కనున్న ఓ ఊరు. అక్కడి మంచినీళ్ల ట్యాంకు 60,000 లీటర్లది. దాని బాగోగులు చూసే పంచాయతీ పంపు ఆపరేటరు చాలాకాలం గుప్పిళ్ల లెక్కే నమ్ముకున్నాడు. మామూలు రోజుల్లో నాలుగు గుప్పిళ్ల బ్లీచింగ్ పౌడర్, వరద రోజుల్లో ఆరు. వాళ్ల నాయనమ్మ బానలో చిల్లగింజ అరగదీసేది, ఆవిడేమైనా తూకం వేసిందా అన్నది ఆయన వాదన. వాదన బాగానే ఉంది. కానీ చిల్లగింజ బురదను అడుక్కి దించుతుందంతే, క్రిములన్నిటినీ చంపదు.

ఓ వానాకాలం ఊరి చివరి కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆయన కూతురిల్లు అక్కడే. నాలుగేళ్ల మనవడికి సెలైన్ ఎక్కించారు.

"రోజూ మందేత్తానే ఉన్నానండీ!" అన్నాడు, పరీక్షకొచ్చిన ఇంజినీరుతో.

ఇంజినీరు ట్యాంకు దగ్గరి కుళాయి నీళ్లలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే లేత పసుపు రంగొచ్చింది. కాలనీ చివరి కుళాయి నీళ్లలో ఏ రంగూ రాలేదు. పౌడర్ సంచి చూపించమన్నాడు. మూతి విప్పి నెలలైంది, గది కప్పు కారుతోంది.

తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 33 శాతం. గాలి, వెలుతురు, చెమ్మ తగిలేకొద్దీ అది తగ్గిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున ఆ ట్యాంకుకు కావలసింది 120 గ్రాముల క్లోరిన్. పౌడర్ మంచిదైతే సుమారు 364 గ్రాములు చాలు. దాని బలం 20 శాతానికి పడిపోతే 600 గ్రాములు వెయ్యాలి. గుప్పెడు మాత్రం ఎప్పుడూ గుప్పెడే!

ఆ 2 మిల్లీగ్రాములూ రోజూ ఒక్కటే కాదు. నీళ్లలో మురికి ఎక్కువైతే అదే ముందు క్లోరిన్‌ను తినేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల నీళ్ల కోసం బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం హారక్స్ పెట్టె ఒకటి తయారుచేశాడు. ఆరు తెల్ల కప్పుల్లో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో మందు పెంచుకుంటూ పోయి అరగంట ఆగడం, ఏ కప్పులో మొదట నీలిరంగు తేలుతుందో చూడటం. నీళ్లనే అడిగి మోతాదు తెలుసుకోవడమన్నమాట.

ఆపరేటరు తక్కెడ కొన్నాడు. పౌడర్‌ను బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో వంపుతున్నాడు. దాంతో ఇంకో చిక్కొచ్చింది. ఆయన కాపురం ట్యాంకు పక్క వీధిలోనే.

"ఏవండీ, పప్పంతా మందు కంపేనండీ" అంది భార్య. వీధిలోవాళ్లు సర్పంచి దాకా వెళ్లారు.

"బిందెలో పట్టి కాసేపు ఉంచండి, వాసన తగ్గుద్ది. ఇక్కడ తగ్గిస్తే అక్కడ పిల్లోడికేం మిగులుద్దీ?" అన్నాడాయన.

చివరి కుళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. కాలనీకెళ్లే గొట్టం మురుక్కాలవ కిందనుంచి పోతుంది. నీళ్లు ఆపిన వేళ పగుళ్లలోంచి మురికి లోపలికి జారుతుంది. దానికి తక్కెడ ఏం చేస్తుంది? గొట్టం మార్చాలని పంచాయతీ తీర్మానించింది, పని ఇంకా మొదలవలేదు. అందాకా ఆయన పొద్దున్నే పరీక్షగొట్టంతో చివరి కుళాయి దగ్గరికెళ్తున్నాడు. రంగు రాని రోజు ఇంటింటికీ క్లోరిన్ మాత్రలు పంచి వస్తాడు, కూతురింటికి ఆఖర్న.